మేడమ్ రాయనన్న ప్రోగ్రాము

డెబ్బైలలో మద్రాసులోని ఒక బట్టల మిల్లులో నాకు కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్పింది మా మేడమ్. ఏ పని ఇచ్చినా "ఇది ఎవురికి పనికొస్తాది?" అని అడగనిదే ఆమె పెన్సిల్ పట్టేవారు కాదు.

ఒకరోజు మేనేజరు, కాన్పు సెలవు తీసుకున్న ఆడకూలీల పేర్లు వేరుచేసే ప్రోగ్రాము అడిగాడు. వాళ్లను పనిలోంచి తీసేయడానికట.

"బిడ్డను కన్నందుకు కూడు తీసేస్తారా సార్? మిషనుకి సిగ్గులేదు, నాకుండాది. నేను రాయను!" అంటూ మేడమ్ కాగితాన్ని ఆయన బల్లమీదికి విసిరికొట్టారు. సాయంత్రానికి ఆమెను గిడ్డంగికి మార్చారు.

ఆ ప్రోగ్రాము నేను రాశాను.

వారం తర్వాత గేటుకు జాబితా అంటించారు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె నన్ను ఆపి, "నాకు చదువు రాదు సార్, నా పేరుండాదేమో చూడండి" అంది.

ఉంది. నా మీద నాకు కోపం ఇప్పటికీ చల్లారలేదు.