కర్నూలు పెనం మీద పంది మాంసం

2008 ప్రాంతంలో అమెరికాలోని క్యారీలో అద్దెకుంటూ ఎమ్మెస్ చదివేటప్పుడు నాకున్న ఒకే ఒక్క తోడు నా రూమ్మేట్, కర్నూలు నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయి. నాకన్నా రెండేళ్లు చిన్నది, అక్కా అని పిలిచేది. నేను గుంటూరు క్రైస్తవురాలిని. కలిసే వండుకునేవాళ్లం, తింటూ మతం గురించి వాదించుకునేవాళ్లం. మోషేకు ధర్మశాస్త్రం ఇచ్చింది దేవుడేనని ఇద్దరం ఒప్పుకునేవాళ్లం. తగువంతా ఆ తర్వాతే.

“క్రీస్తు దాన్ని నెరవేర్చాడు, తిండి నియమాల బరువు ఇక మా మీద లేదు” అనేదాన్ని.

“తౌరాత్‌ని, అదే మీ మోషే ధర్మశాస్త్రాన్ని, మనుషులు మార్చినారంటాం మేము. అయినా అది వద్దన్న పంది ముట్టం. మీరేమో ఒక్క మాటా మారలేదంటారు, పాటించరు. ఇదేం లెక్కక్కా?” అనేది. నవ్వుతూనే అనేది గానీ నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి తన ఇంట్లో పూజ చేసుకుని లడ్డూ ఇచ్చింది. విగ్రహానికి పెట్టింది తినకూడదని మా అమ్మ పెంపకం. టిష్యూలో చుట్టి చెత్తబుట్టలో వేశాను. ఈ కర్నూలు పిల్ల చూడనే చూసింది.

“నియమాలు లేవంటివి కదా, మరి లడ్డూ ఎందుకు పారేసినావు?”

జవాబు లేనివాళ్లకే కోపమెక్కువ. మర్నాడు ఆమె లైబ్రరీకి వెళ్లగానే బేకన్, అంటే పంది మాంసం ముక్కలు, కొనుక్కొచ్చి, ఆమె కర్నూలు నుంచి సూట్‌కేస్‌లో మోసుకొచ్చిన పెనం మీద వేయించాను. నా పెనం పక్కనే ఉంది. సబ్బుతో కడిగితే పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకని నాకు నేనే చెప్పుకున్నాను. కడిగేలోపే ఆమె వచ్చేసింది.

పెనం వైపు చూసింది, నా వైపు చూసింది.

“దేవుడు నీకు సెలవిచ్చినాడంటావు, సరే. నాకియ్యలేదు కదక్కా” అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. “తెలిసే చేసినావా? తెలిసే చేసింటే చెప్పు, నేను వేరే రూమ్ చూసుకుంటా.”

ఆమె వెళ్లిపోతే ఆ ఊళ్లో నాకెవరూ లేరు. భయమేసింది.

“మర్చిపోయానే. నీ పెనమని చూసుకోలేదు” అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసి, “పోనీలే” అంది. నమ్మింది. ఆ పెనం మాత్రం మళ్లీ ముట్టలేదు. చదువు అయ్యేదాకా నాతోనే ఉంది, మతం మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. వాదనలో నేనే గెలిచినట్టయింది.

అబద్ధమాడొద్దన్న ఆజ్ఞ పాతబడిందని మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ ఎన్నడూ అనలేదు. ఆమెకు నిజం ఇంతవరకూ చెప్పలేదు.