జహాజు మీద సాంచె మాటలు

మా ఆయన సిద్ధరాములు గొంతుకు ఆపరేషన్ చేసే ముందు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "మాట పోతుంది, మనిషి దక్కుతాడు" అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీరు మనిషిని ఇయ్యుండ్రి డాక్టర్‌సాబ్, మాట సంగతి నేను చూస్కుంట" అన్నాను. మా దాజీ పేట్‌లో ఈ యమునాబాయి ఒక మాటంటే నిలబెట్టుకుంటుందని పేరు. మేం చుట్టిన బీడీలు తీసుకునేవాడు బాగున్న కట్టల్ని కూడా పనికిరావని పక్కకు తోస్తే, నలుగురిలో నిలదీసేది నేనే. మొగుడి మాట ఓ లెక్కా అనుకున్నాను.

ఆపరేషన్ అయింది. మనిషి దక్కాడు. కానీ ఏం మనిషి! అంతకుముందు ఆయన నోటికి విశ్రాంతి ఉండేది నిద్రలోనే. తెలుగులో మొదలుపెట్టి, మరాఠీలో తిట్టి, హిందీలో ముగించేవాడు. ఇప్పుడేమో మెడ కింద ఊపిరి పీల్చుకోవడానికి పెట్టిన రంధ్రం, దాని మీద చిన్న తెల్లగుడ్డ, ఆ గుడ్డ ఎవరికీ కనపడకుండా మండుటెండలో కూడా మఫ్లరు. ఎవరైనా ఇంటికొస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. కోడలు కాజల్ పలక కొనుక్కొస్తే మంచం కిందికి తన్నాడు. ఆయన రాసినా నాకు చదవరాదు, అది వేరే సంగతి. నెలల తరబడి బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. ఆయన పెదవి కూడా కదపలేదు.

అట్లాంటి రోజుల్లో రాజయ్య వచ్చాడు. మా ఆయనా అతనూ ముప్పై ఏళ్లు ఒకే కార్ఖానాలో పక్కపక్కన సాంచెలు నడిపారు. ఆ కరెంటు మగ్గాల చప్పుడుకు రాజయ్య చెవులు దాదాపు పోయాయి. అందుకే ఏం చెప్పినా వీధంతా వినేలా చెబుతాడు. అతని కొడుకు వినాయక్ మా రెండిళ్లవాళ్లకూ జహాజుకు టికెట్లు తీస్తున్నాడట. ముంబైలో ఎక్కితే రెండు రోజులు సముద్రంలో తిప్పి మళ్లీ ముంబైలోనే దింపుతారట.

"వదినె, సిద్ధన్న రాకుంటె నేను గూడ ఎక్క! వానికి మాట రాదు, నాకు ఇనరాదు. ఇద్దరం కలిస్తె ఒక్క మనిషికి సరిపోతం!" అని అరిచాడు రాజయ్య.

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను నిలువుగా ఊపాను. మా ఇంట్లో నాదే చెల్లుతుంది.

రాజయ్య భార్య పోచమ్మా నేనూ కడక్ రొట్టెలు, పల్లీల చట్నీ మూట కట్టుకుని బయలుదేరాం. జహాజు ఎక్కేచోట మూటను మిషన్లో పెట్టి చూసి, బయటి తిండి లోపలికి పనికిరాదన్నారు. "అయ్యో, పారేస్తరా ఏందక్కా!" అని పోచమ్మ గుండెలు బాదుకుంది. పారేయడమా? నేను అక్కడే మూట విప్పి మావాళ్లందరికీ తలో రొట్టె పెట్టాను. మూటను ఆపిన డ్యూటీ పిల్లకు కూడా చట్నీ అద్ది ఒక ముక్క ఇచ్చాను. ఆ పిల్ల కారానికి కళ్లు తుడుచుకుంటూ ఇంకో ముక్క అడిగింది. తిని, నీళ్లు తాగి, దర్జాగా ఎక్కాం.

సాయంత్రం పై అంతస్తులో ఇంతింత స్పీకర్లు పెట్టి పాటలు మొదలుపెట్టారు. కాజల్ నా చెవిలో నోరు పెట్టి అరిచినా ఒక్క ముక్క వినపడలేదు. అక్కడున్న అందరిదీ అదే గతి. మా ఆయన మాత్రం ఓ మూల కుర్చీలో, మఫ్లరు చుట్టుకుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంట్లో గోడ, ఇక్కడ సముద్రం, అంతే తేడా. ఇంత దూరం తీసుకొచ్చీ ఓడిపోయానే అనిపించింది.

అప్పుడు రాజయ్య వెళ్లి ఆయన భుజం తట్టాడు. తట్టి, అవతలి చివరకు నడిచి, అక్కడినుంచి చెయ్యెత్తాడు. వాళ్ల కార్ఖానా మాలిక్‌లాగా లేని మీసం మెలేసి, స్పీకర్ల దగ్గర ఎగురుతున్న లావాటి మనిషిని చూపించాడు. మా ఆయన భుజాలు కదిలాయి. దగ్గొచ్చిందేమోనని పరుగెత్తాను. దగ్గు కాదు, నవ్వుతున్నాడు. నవ్వుతూనే చెయ్యెత్తి జవాబిచ్చాడు. ఇక చూడండి, చేతులూ పెదాలూ కలిపి ఇద్దరూ ఆ జనం తలల మీదుగా ఒకటే ముచ్చట్లు. ఆ జహాజు మీద ఒకరి మాట ఒకరికి అర్థమైంది ఆ ఇద్దరికే.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇద్దరినీ రెక్క పట్టుకుని చప్పుడు లేని కింది అంతస్తుకు లాక్కొచ్చాను.

"ఇన్ని మాటలు చేతులల్ల పెట్టుకోని, నాకెందుకు చెప్పలే?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

ఆయన తల దించుకుని వేళ్లు కదిపాడు. రాజయ్య అది చూసి చెప్పాడు. "సాంచెల చప్పుడుల ఎవరికి ఏం ఇనరాదు గద వదినె, మేం ముప్పై ఏండ్లు గిట్లనే మాట్లాడుకున్నం. నువ్వెన్నడు కార్ఖానకు రాలె. నీ ముంగట చేతులు తిప్పితె కోతి లెక్క ఉంటదని షరమైందట."

"షరమా? నాతోనా? నేర్పుమను. ఇప్పుడే!" అన్నాను.

మర్నాడంతా నేర్చుకున్నాను. చాయ్ అడగబోయి మాలిక్ వస్తున్నాడని చెప్పానట, ఇద్దరూ పొట్టలు పట్టుకున్నారు. ఒక్కటి మాత్రం రాజయ్య నవ్వకుండా నేర్పాడు. అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, ఎదుటివాళ్ల వైపు చాపాలి. 'నా సాంచెలు చూస్కో' అని దానర్థం.

"బయటికి పోయేటప్పుడు పక్కోనికి చెప్తం. అందరికి చెప్పం వదినె, నమ్మినోనికే చెప్తం. మీ ఆయన నాకు తప్ప ఎవ్వనికి చెప్పలే. 'నేనున్న, పో' అనాలంటె గుండె మీద రెండు సార్లు తట్టాలె" అన్నాడు.

ఆ సాయంత్రం మళ్లీ పాటలు, మళ్లీ జనం. రాజయ్య ఆ గుంపు నడుమ నిలబడి రమ్మని చెయ్యి ఊపాడు. మా ఆయన లేచాడు. తర్వాత మెడకున్న మఫ్లరు విప్పాడు. ఆ తెల్లగుడ్డ అందరికీ కనపడుతోంది. ఒకరిద్దరు చూశారు కూడా. ఆయన మఫ్లరు మడతపెట్టి నా ఒళ్లో ఉంచి, అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, నా వైపు చాపాడు.

నేను గుండె మీద రెండు సార్లు తట్టాను. ఆయన జనంలోకి నడిచి వెళ్లాడు.