తల్లిమన్ను

బెడోక్, సింగపూర్, 17 జూన్ 2007. మా మనవరాలు సుమ వచ్చే శనివారం కొత్త ఫ్లాట్‌కి మారుతోంది. మా కరివేపాకు పిలక అడిగింది. ఇవ్వాలో వద్దో తేలక ఈ బ్లాగులో రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... తెల్లారేసరికి బావి గట్టున అమ్మ అంట్లు తోముతూ ఉండేది. కంపోంగ్‌లో అంటే అప్పటి మలయ్ పల్లెవాడలో, మాది రేకుల ఇల్లు. వంట కిరసనాయిలు స్టవ్వు మీద... ఇక పొయ్యి బూడిద ఎక్కడిది?

నాన్న ఓడల మరమ్మతు యార్డులో పనిచేసేవారు. ఓడ అడుగున పట్టిన తుప్పునీ పాత రంగునీ ఊడగొట్టడానికి గాలి గొట్టంతో ఇసుక చిమ్మేవారట. పనయ్యాక ఆ ఇసుక నల్లగా, గరుగ్గా కుప్పలు పడేది. ఎవరికీ అక్కర్లేనిది. నాన్న గోనెసంచిలో ఇంటికి తెచ్చేవారు.

కొబ్బరి పీచుకి ఆ ఇసుక అద్ది అమ్మ రుద్దితే, ఇత్తడి బిందె, మరచెంబు, గంగాళం బంగారంలా మెరిసేవి...

"ఓడల మురికే అది," అనేవారు నాన్న.

"ఏ ఇసకైతే ఏటి? బిందె సూడు, పెళ్లికూతురు నాగుంది!" అనేది అమ్మ. మాది సిక్కోలు వైపు నుంచి వచ్చిన కుటుంబం. అమ్మ మాట చివరిదాకా మారలేదు.

అంట్ల నీళ్లన్నీ కరివేపాకు పాదులోకే. ఆ నీటి మీద నెమలి ఈక రంగులు తేలేవి. చూడటానికి నేనూ తమ్ముడూ తోసుకునేవాళ్లం. వాడు ఆ ఇసుకతోనే ఓడలు కట్టి, అవే చేతులతో జంతికలు తినేవాడు...

ప్రభుత్వం కంపోంగ్ ఖాళీ చేయించినప్పుడు అమ్మ ఆ మొక్కను మట్టితో సహా పెకలించి, ఫ్లాటుకు తెచ్చి కుండీలో పెట్టింది. ఎవరు పిలక అడిగినా ఒకటే నియమం. "ఉత్త వేరు ఇయ్యకూడదే. గుప్పెడు తల్లిమన్ను ఎట్టి ఇయ్యాల. లేపోతే పిల్ల బెంగెట్టుకుంటాది."

అమ్మ పోయాక ఆ నియమం నేనూ తప్పలేదు. ఈ బ్లాకులో ఏ ఇంట్లో పోపు వాసన వచ్చినా అది మా ఆకే.

నిన్న ఈ కథంతా సుమకు ముచ్చటగా చెప్పాను. దానికిప్పుడు ఆరో నెల. పక్కనే దాని భర్త వంశీ... హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లాడు... లాప్‌టాప్ మూసేశాడు.

"అమ్మమ్మా, గప్పట్ల ఓడల పెయింట్ల లెడ్ ఉండేది. గా మట్టిల గూడ ఉండొచ్చు."

"సీసం ఉండొచ్చేమిటి? ఉందా, లేదా?"

"టెస్ట్ చేపియ్యాలె."

"ఇన్నేళ్లయింది కదా, కొట్టుకుపోయి ఉండదా?"

"లెడ్ యాడికి పోదు అమ్మమ్మా. మట్టిల అట్లనే ఉంటది. కడుపుల బిడ్డకు, చిన్నపిల్లల కడుపుకు, బుర్రకు శాన ఖరాబు."

సుమ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అమ్మమ్మా, నేను వీకెండ్ వీకెండ్ ఇక్కడే తింటున్నాను కదా లా..." అంది సింగపూర్ యాసలో.

అదే ఆకు తిని అమ్మ నిండు ముసలితనం దాకా నవ్వుతూ బతికింది. తమ్ముడికి మాత్రం చిన్నప్పుడు ఎప్పుడూ కడుపునొప్పి. ఎక్కాలు ఎంత చెప్పినా నిలిచేవి కావు. బద్ధకమని నాన్న కొట్టేవారు... ఇప్పుడు దాన్ని ఏమనుకోవాలి? ఎవరిని అడగాలి? వాడూ లేడు, నాన్నా లేరు.

మా బావి గట్టు ఉన్నచోట ఇప్పుడు పిల్లల ఊయలలున్నాయి. మా ఇంటి ఆనవాలు ఒక్కటీ మిగల్లేదు. ఆ ఇసుక మిగిలిందా?

ఇక జరగవలసినవి:

1. కుండీ మట్టి పరీక్ష చేయించాలి. బాధ్యత వంశీది. జవాబులో "ఉండొచ్చు" అనే మాట ఉండకూడదు.

2. అంతవరకు ఈ ఆకు ఎవరి పోపులోనూ పడకూడదు. పిలకలు తీసుకెళ్లిన ప్రతి ఇంటి తలుపూ నేనే తట్టాలి. ఏమని చెప్పాలో ఇంకా తెలియదు.

3. మీ నాన్నలు, తాతలు యార్డుల నుంచి ఇంటికి ఏమైనా తెచ్చేవారా? దేనికి వాడేవారు? దాచకుండా ఇక్కడ రాయండి.

4. సుమకు పిలక వద్దు. చెట్టున నల్లగా పండిన గింజలున్నాయి. కడిగి, కొత్త మట్టిలో వేసుకోమనాలి. గింజకు తల్లిమన్ను అక్కర్లేదనే అనుకుంటున్నాను...

5. ఈ కుండీలో మట్టి ఎక్కడ పోయాలో ఎవరైనా చెప్పాలి. అంతస్తుల చెత్త కిందికి జారే గొట్టంలో వద్దంటున్నాడు వంశీ. కింద తోటలో అసలే వద్దంటున్నాడు. అమ్మ చేత్తో తెచ్చిన మట్టి... ఎక్కడ పోసినా అది ఎవరో ఒకరి గుమ్మమే కదా?