కర్ర చప్పుడు

ఈ రోజు మా బావని విజయనగరంలో మ్యాట్నీకి తీసుకెళ్లాను. షుగరు వల్ల ఆయనకు రెండు కళ్లూ పోయి ఆరేళ్లయింది. సినిమా పిచ్చి మాత్రం పోలేదు. తెర మీద జరిగేది ఫోన్లో వినిపించే ఏర్పాటు కొన్ని సినిమాలకు ఉందట. దీనికి లేదు. ఎప్పటిలాగే ఆ ఉద్యోగం నాదే. హీరో బస్సు దిగాడనీ, హీరోయిన్ మొహం తిప్పుకుందనీ ఆయన చెవిలో గుసగుసగా చెబుతూ కూర్చున్నాను.

ఇంటర్వెల్‌కు ముందు కామెడీ సీను. ఒక గుడ్డివాడు కర్ర తాటించుకుంటూ వచ్చి పేడకుప్పలో పడ్డాడు. హాలంతా ఒకటే నవ్వు.

"ఏటయిందిరా? ఎందుకలా నవ్వుతన్నారు?" అన్నాడు బావ.

"తాగుబోతొకడు పేడలో పడిపోనాడు బావా" అన్నాను.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. తెలివిగా తప్పించానని నేను లోలోపల మురిసిపోయాను కూడా. ఇంటర్వెల్ తర్వాత ఇంకో సీనులో అదే కర్ర టకటకలాడింది. మళ్లీ నవ్వులు. ఈసారి బావ నవ్వలేదు.

బయటికొచ్చి ఆటో ఎక్కాక అప్పుడన్నాడు.

"ఆడు తాగుబోతు కాడు కదా? కర్ర సప్పుడు నాకు తెలీదేటిరా? నువ్వు నిజం సెప్పుంటే నేను నవ్వకపోదును."

ఆ సీను తీసినవాళ్ల మీద కోపం వచ్చింది. నవ్విన హాలు మీదా వచ్చింది. కానీ ఆయన్ని నవ్వించింది మాత్రం నేనే. మీరైతే ఆ చెవిలో ఏం చెప్పేవారు?