నయం కాని రౌతు

గుర్రానికి గిట్ట కుళ్ళు పూర్తిగా నయమైంది. నయం కానిది దాన్నెక్కి రొట్టెలమ్మే రొట్టెలాయనకే. పశువుల డాక్టరు "ఇక నిక్షేపంగా ఎక్కండి" అన్నాక కూడా, ఆ భారీ మనిషి జీను మీద కోడిగుడ్లేవో పరిచినట్టు బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాడు. దారిలో రాయి కనబడితే చాలు, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, పిరుదులు జానెడు పైకెత్తుతాడు. "ఊపిరి బిగబడితే బరువు తగ్గుతారా?" అని భార్య నవ్వితే, "దాని బాధ నీకేం తెలుసే!" అని కసురుకుంటాడు.

గుర్రమూ తక్కువేం తినలేదు. కుంటినప్పుడల్లా క్యారెట్లు దొరికిన వైభోగం అది మరిచిపోలేదు. నిన్న వంతెన దగ్గర ఠక్కున ఆగి, ముందుకాలు గాల్లోకెత్తి, దీనంగా వెనక్కి చూసింది. రొట్టెలాయన కిందికి దూకి, గిట్టను ఒళ్ళో పెట్టుకుని ఉఫ్ ఉఫ్ మని ఊది, జేబులోని క్యారెట్టు తినిపించాడు. వెనకే నడిచొస్తున్న భార్య నెత్తి కొట్టుకుంది.

"ఏవండీ, జబ్బు చేసింది కుడికాలికి కదా? ఇది ఎత్తింది ఎడమది!"

ఆయన రెండు గిట్టలనూ మార్చి మార్చి చూశాడు. "పాపం, ఇన్నాళ్ళూ ఆ కాలి బరువు కూడా ఇదే మోసింది కదే!" అంటూ గుర్రం మీది రొట్టెల బుట్ట దించి తన నెత్తికెత్తుకున్నాడు. గుర్రం నాలుగు కాళ్ళతో గంతులేస్తూ ముందు నడిచింది.