రెండో భాగంలో లేని సీను

మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు నేను సినిమా హాల్లో కూర్చుని, పక్క కుర్చీ మీద తువ్వాలు వేశాను. శ్రీకాకుళంలో పాత హాలు అది. కుర్చీలకు నంబర్లు లేవు. తోడొచ్చే వాళ్ళకు చోటు కావాలంటే తువ్వాలో రుమాలో వేసి ఆపుకోవాలి.

ఒకాయన వచ్చి, "ఎవులైనా ఉన్నారా బాబూ?" అని అడిగాడు. ఉన్నారు, వస్తారు అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. ముప్పై ఏళ్ళుగా నేను చెబుతూ వచ్చిన మాట అదే. నేను ముందు వెళ్ళి చోటు ఆపితే, నా భార్య ఆదిలక్ష్మి బయట వేయించిన సెనగలు కొనుక్కుని ఆట మొదలయ్యే వేళకు వచ్చేది. ఆమె చనిపోయి అప్పటికి ఐదు నెలలు. తువ్వాలు వేశాక ఆ సంగతి గుర్తొచ్చింది. తీయబుద్ధి కాలేదు.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. అలాంటి పుస్తకాలు చాలా చదివాను, ఒక్కటీ నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడూ నమ్మడం లేదు. అయితే దయ్యాల సినిమాల్లో వచ్చే చప్పుళ్ళంటే భయం. అలాంటి చోట కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆ సీను దాటాక ఆదిలక్ష్మి నా మణికట్టు మీద వేలితో రెండుసార్లు తట్టి, "పోనాది బావా, సూడు" అనేది. ఆమె మా మేనమామ కూతురు. చివరిదాకా బావా అనే పిలిచింది.

మాది పొందూరు. మా వీధి అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఖద్దరు నూలు పని చేస్తారు. వాలుగ చేప దవడతో దూది దువ్వి, తర్వాత రాట్నం మీద వడుకుతారు. ఆ దవడకు ఉండే సన్నటి పళ్ళలాగా దూదిని ఇంకేదీ దువ్వదు. పని చేసినంతసేపూ ఎవరో ఒకరు సినిమా కథ చెబుతూ ఉండాలి. చెప్పేది ఎప్పుడూ ఆదిలక్ష్మే. కథ నచ్చితేనే మిగతావాళ్ళు టికెట్టు కొనేవాళ్ళు. దయ్యం వచ్చే చోట దువ్వే చప్పుడు ఆగిపోయేది.

ఈ సినిమా మొదటి భాగం మేమిద్దరం కలిసే చూశాం. ఒక పెద్ద బంగళా. చనిపోయిన తల్లి దయ్యమై, తప్పిపోయిన కూతురి కోసం గదిగదీ వెతుకుతూ ఉంటుంది. చివర్లో తాళం వేసిన గది తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అక్కడితో ఆపేశారు. తలుపు తీసిందెవరో చెప్పలేదు. అరుగు మీద దాని గురించి నెలల తరబడి తగువులాడుకున్నారు. రెండో భాగం రాగానే చూసి చెబుతానని ఆదిలక్ష్మి వాళ్ళకు మాటిచ్చింది.

ఈలోగా జబ్బు పడింది. ఆసుపత్రిలో ఒకరోజు నాతో, "ఆ సినిమా వస్తే నువ్వెళ్ళి సూడు బావా. అరుగు మీద కూకుని సెప్పు. ఆలకి మాటిచ్చీసినాను" అంది. నేను నలుగురిలో నోరు విప్పని మనిషిని. సరేనన్నాను. ఆమె నన్ను అడిగిన ఆఖరి పని అది.

రాష్ట్రం విడిపోయిన రెండేళ్ళకు రెండో భాగం వచ్చింది. మొదటి అరగంట జనం ఈలలు వేశారు. తర్వాత కథ కొత్త ఇంటికి, కొత్త కుటుంబానికి మారిపోయింది. హాస్యం, పాటలు. పాత తలుపు ఊసే లేదు. ఇంటర్వెల్ తర్వాత ఎవరో, "ఒరే, తలుపు తీసినోడెవుడో సెప్పండ్రా, బస్సుకి టైమవుతన్నాది" అని అరిచాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె పోయాక నవ్వడం అదే మొదలు.

ఆఖరికి మళ్ళీ పాత బంగళా చూపించారు. చప్పుడు పెరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. అలవాటుగా చేయి కుర్చీ చేతి మీద పెట్టాను. కాసేపటికి మణికట్టు మీద రెండుసార్లు తగిలింది. కళ్ళు తెరిచాను. పక్క కుర్చీలో తువ్వాలు ఒక్కటే ఉంది.

తెర మీద ఆ గది తలుపు తెరిచి ఉంది. తీసింది లోపల ఉన్న పిల్లే. ఏదో పగలగొట్టి, అమ్మ తిడుతుందని ఇంతకాలం దాక్కుని ఉంది. తల్లి తిట్టలేదు. గడప మీద కూర్చుని, పిల్లను ఒడిలోకి లాక్కుని, జుట్టుకు అంటుకున్న దూది పింజలు ఒక్కొక్కటే తీసింది. అన్నీ తీసేదాకా సీను అలాగే ఉంది. ఆ బంగళాలో దూది ఎక్కడిదని నాకు తోచలేదు.

దీపాలు వెలిగాయి. చుట్టూ అందరూ సినిమాను తిడుతున్నారు. ఇంత మంచి ముగింపు చూసి ఎందుకు తిడుతున్నారో నాకు అర్థం కాలేదు. ఈ కాలం జనానికి ఏదీ ఓ పట్టాన నచ్చదనుకున్నాను. మనసు తేలికపడింది. సెనగలు కొనుక్కుని బస్సెక్కాను.

మర్నాడు అరుగు మీద కూర్చుని కథ చెప్పాను. మొదట తడబడ్డాను. తలుపు దగ్గరికి వచ్చేసరికి మాట దానంతటదే వచ్చింది. దూది దువ్వడం ఆగిపోయింది. పక్కింటి నర్సమ్మ ముఖం తిప్పుకుంది. ఆమె ఆదిలక్ష్మికి ప్రాణ స్నేహితురాలు. పెద్దావిడ ఒకరు, "ఆదిలక్ష్మి సెప్పినట్టే సెప్పినావు బాబూ" అన్నారు.

ఆదివారం నర్సమ్మ తప్ప మిగతావాళ్ళంతా మ్యాట్నీకి వెళ్ళారు. పొద్దుగూకేసరికి మా గుమ్మంలో నిలబడ్డారు.

"అన్నియ్యా, నువ్వు ఏ హాల్లో సూసినావు?"

"అదే హాల్లో."

"తలుపూ నేదు, నువ్వు సెప్పిన గుంట పిల్లా నేదు. మాంత్రికుడొకడు గెంతులేసి దయ్యాన్ని కాల్చీసినాడు. అయిపోనాది."

"మద్దిలో నిద్దరోయావేటి?"

"నిద్దరోతే ఇంత బాగా సెప్తాడేటే? మళ్ళా నిద్దరోమను, ఇంకోటి సెప్తాడు."

నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నేను సోమవారం మళ్ళీ అదే ఆటకు వెళ్ళాను. కళ్ళు మూసుకోకుండా చూశాను. వాళ్ళు చెప్పినట్టే ఉంది. మాంత్రికుడు, మంట, అంతే. బయటికి వచ్చి టార్చిలైటు పట్టుకునే అతన్ని, మధ్యలో ఏమైనా కత్తిరించారా అని అడిగాను. "కొయ్యడానికి ఇప్పుడు రీళ్ళెక్కడివి మాస్టారూ. అంతా కంప్యూటర్లోంచే వస్తాది. మొదటి రోజు ఏదో ఇయ్యాల కూడా అదే" అన్నాడు.

నిద్రపోయి ఉంటాను, కల వచ్చి ఉంటుంది అనుకున్నాను. సరిపోయే సమాధానమే. రెండు రోజులు దానితోనే ఉన్నాను.

మూడో రోజు ఉదయం నర్సమ్మ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అది వదిన కథ అన్నియ్యా" అంది.

ఆదిలక్ష్మి పోవడానికి రెండు రోజుల ముందు, ఆసుపత్రిలో నర్సమ్మ ఆమెకు తల దువ్విందట. రెండో భాగంలో ఏం జరుగుతుందో తనకు తెలుసని ఆదిలక్ష్మి అప్పుడు ఆ కథ చెప్పిందట. లోపల దాక్కున్న పిల్ల, గడప మీద కూర్చున్న తల్లి, జుట్టులో దూది, అన్నీ. "బావకి సెప్పకు. సినిమా సూసి ఆయనే సెప్తాడు, నాను సెప్పింది రైటో కాదో అప్పుడు తెలస్తాది" అని కూడా అందట.

ఆ మాటలు అన్నప్పుడు నేను మందులకని బజారుకు వెళ్ళాను. గంటన్నర పట్టింది. ఆ మందుల చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

"ఇది నువ్వు ఎవరితోనైనా అన్నావా?" అని అడిగాను.

"ఎవులికీ సెప్పనేదు. నువ్వు అరుగు మీద సెప్తంటే వదినే సెప్తన్నట్టు ఉన్నాది. అందుకే సినిమాకి ఎల్నేదు."

ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు మనుషులు ఒకే కథ ఊహించవచ్చు. ఆ సంగతి నాకూ తెలుసు. మణికట్టు మీద తగిలింది వెనక వరసలో వాళ్ళ చెయ్యే కావచ్చు. కాని దూది పింజల సంగతి నాకెలా తెలిసిందని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఇప్పుడు అడగడం తగ్గించాను. తేలని ఆ లెక్క నాకేమీ బరువుగా లేదు. ఆమె ఇచ్చిన మాట చెల్లింది.

సినిమా రెండో వారానికే ఎత్తేశారు. అరుగు మీద మాత్రం రెండో భాగమంటే ఇప్పటికీ నేను చెప్పినదే. సినిమావాళ్ళే తప్పుగా తీశారని వాళ్ళ తీర్మానం.

నేను ఇప్పటికీ సినిమాలకు వెళ్తాను, అరుగు మీద కథలు చెబుతాను. హాల్లో ఎవరైనా వచ్చి అడిగితే ఖాళీయే, కూర్చోండి అంటాను. పక్క కుర్చీ మీద తువ్వాలు వేయడం లేదు.