అడ్డం పెట్టిన చెయ్యి

ఈ రోజు పొద్దున పొదిలిలో నా స్టూడియో తెరిచేసరికి మెట్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చూడగానే గుర్తుపట్టాను. పోయిన నెల ఆసుపత్రిలో నాతో పోట్లాడిన నాయనమ్మ. ఆవిడ కొడుకు రమ్మన్నాడని మూడు రోజుల పాపకు ఫోటో తీయబోతే, ఆవిడ పాప మొహానికి చెయ్యి అడ్డం పెట్టి, "పురిటి బిడ్డకి ఫోటో ఏందయ్యా? ఆయుష్షు తగ్గుద్ది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాల్లో వేస్తాం, అప్పుడు రా" అని కసిరింది. నాకూ చిర్రెత్తుకొచ్చి వెనక్కి వచ్చేశాను.

పన్నెండో రోజున పాప పోయిందట.

"ఆ రోజు ఒక్కటన్నా పడిందా నాయనా? బిడ్డ మొహం మర్చిపోతానేమోనని కోడలు ఏడుస్తా ఉంది."

కంప్యూటర్లో వెతికితే ఒక్కటే ఉంది. చిన్న పాదాలు, ముడిచిన పిడికిలి, మొహం ఉండాల్సిన చోట ఆకుపచ్చ గాజుల చెయ్యి.

ఆవిడ చాలాసేపు చూసింది. "కంప్యూటర్లో ఏదైనా తీసేస్తారంట గదా. నా చెయ్యి తీసెయ్ నాయనా" అంది.

పెళ్ళి ఫోటోల్లోంచి అక్కర్లేని చుట్టాలను రోజూ తీసేసే మొనగాణ్ణి నేను. ఆవిడను రేపు రమ్మన్నాను. రేపు ఏం చెప్పాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.